మౌలాబీ మోసిన పిలుపు

గోపాల్‌పేటలో మౌలాబీ వాకిట్లోకి వచ్చి చిన్నగా దగ్గిందంటే, ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలి బయటికొచ్చేవాళ్ళు. ఆమె మొగుడు రజాక్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అతను పోయిన ఏడు ఒక పెద్దింటి ముసలామె మౌలాబీని పిలిపించి, "ఊకె కూసుంటే ఎవరు పెడ్తరే? మా ఇంటి పిలుపులు నువ్వు తిప్పు" అంది. ఆనాటి నుంచి ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో సాయిబుల ఇళ్ళల్లో పెళ్ళయినా, పిల్లకు పేరు పెట్టినా, చావైనా, ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఆమే. కొంగులో యాలకులు మూట కట్టుకుని బయలుదేరేది. గడపకొక యాలక్కాయ ఇంటామె చేతిలో పెట్టి, పంపినవాళ్ళు చెప్పమన్న మాట చెప్పేది. అందుకు పండుగకు ఒక కోక, శుభకార్యానికి ఒక చాటెడు గింజలు ఇచ్చేవాళ్ళు.

రమ్మనడంలో ఎన్నో తేడాలుంటాయి. "వచ్చి పోండ్రి" అని మౌలాబీ అన్నదంటే నిఖా చూసి, షర్బత్ తాగి ఇంటికి పోవడమే. ఆ మాటలో అన్నం లేదు. "ఇంటికొకరు రాండ్రి" అంటే ఆ ఇంటి నుంచి ఒక్క మనిషి వచ్చి తినిపోవాలి, ఆ ఒక్కరు ఎవరన్నది ఆ ఇంటి ఇష్టం. ఇక "పొయ్యి ఆర్పుకోండ్రి" అన్నదంటే చంటిపిల్ల నుంచి మంచం పట్టిన ముసలిదాకా అందరూ రావాలి. ఆ పూట ఆ ఇంటి కప్పు మీద పొగ కనబడితే పిలిచినవాళ్ళకే తలవంపు.

మౌలాబీకి అక్షరం ముక్క రాదు. అయినా నలభై ఇళ్ళకు నలభై మాటలు మనసులో పెట్టుకుని, ఒకరి మాట ఇంకొకరికి పోకుండా చెప్పి వచ్చేది. విందు నాడు ఆడవాళ్ళ వాకిలి దగ్గర కూచుని, వచ్చే ఒక్కొక్క ఇంటిదీ ఏ పిలుపో చెప్పవలసింది కూడా ఆమే. ఆమె చెప్పాక మళ్ళీ అడిగినవాళ్ళు లేరు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. రెండేళ్ళు వాన సరిగా లేదు. పండిన కాస్తా లెవీ కింద సర్కారు కొలిపించుకు పోయింది. జొన్నలున్న ఇంటివాళ్ళు కూడా లేవని చెప్పుకుంటున్నారు. మౌలాబీకి ఒక్కతే బిడ్డ, మున్నీబీ. అదే ఊళ్ళో దూదేకుల వాడలో హైదర్‌కిచ్చి చేసింది. హైదర్ మంచి పనివాడే, కానీ తిండికే లేనప్పుడు పరుపులు ఎవరు కుట్టించుకుంటారు? దూది ఏకే విల్లు గోడకు వేలాడుతూ ఉండిపోయింది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఆఖరిది హుస్సేనమ్మకు నాలుగేళ్ళు. మౌలాబీ తనకొచ్చే గింజల్లో సగం ఆ ఇంటికే మోసేది. సగం కంటే ఎక్కువేనేమో, తను పొద్దుకొకసారి తిని సరిపెట్టుకునేది.

ఆ ఎండాకాలం అబ్దుల్ మజీద్ సేట్ తన కొడుకు పెళ్ళి చేసి, ఊళ్ళో వలీమా విందు పెట్టాడు. పిలుపు మాటలు తీసుకుందామని మౌలాబీ ఆ ఇంటికి పోయేసరికి, సేట్ తమ్ముడు అరుగు మీద కూచుని ఉన్నాడు. వనపర్తి కచేరీలో గుమస్తా. అధికార్లకు పంపడానికి ఇంగ్లీషులో కార్డులు రాస్తున్నాడు.

"నా పని నువ్వు గుంజుకుంటున్నవ్ సాబ్" అంది మౌలాబీ.

"నీ పనిల నేను పనికిరాను మౌలాబీ. ఇంగ్లీషోళ్ళకు రమ్మనే మాట ఒకటే, కం. దానెనక తోక మారుతది. కం ఇన్ అంటే గడప దాటి లోపలికి రా. కం ఓవర్ అంటే మీ ఇంటికెల్లి మా ఇంటి దాక రా. కం లేకుంట ఇంకొకటుంది, డ్రాప్ ఇన్ అంటే, ఎటన్న పోతుంటే జర తొంగి చూసి పో."

"తొంగి చూసి పొమ్మనుడు కూడ పిలుపేనా? ఆ మాట పట్టుకొని నేను వాడల తిరిగితే చీపుర్లతోని కొడ్తరు సాబ్."

లోపల సేట్ భార్య గౌసియాబీ కూడా నవ్వింది. నవ్వి, ముఖం బిగించుకుని మాటలు అప్పజెప్పింది. చుట్టాల ఇళ్ళు పన్నెండు పొయ్యి ఆర్పుడు. బజారు వాళ్ళు వచ్చి పోవడం. దూదేకుల వాడంతా ఇంటికొకరు.

"బియ్యం పర్మిట్ల మీద దొరికినయి మౌలాబీ. ఒక్క బస్తా అటూ ఇటూ అయినా నా ఇజ్జత్ పోతది. మాట జరగనియ్యకు."

"నా నోట్ల ఎన్నడన్న జరిగిందా బీబీ?"

"జరగలే. అందుకే నీకు చెప్తున్న."

దూదేకుల వాడలో అన్ని గడపలకూ చెప్పి, చివరికి మౌలాబీ బిడ్డ ఇంటికి పోయింది. ఆ ఇంటికీ ఇంటికొకరే. మున్నీబీ వాకిట్లో పొయ్యి ముందు కూచుని చెంచలాకు ఉడికిస్తోంది. ఉప్పు కూడా ఉన్నట్టు లేదు. హుస్సేనమ్మ తల్లి వీపుకు ఆనుకుని నిలబడి ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. అమ్మమ్మ కొంగులో యాలకుల వాసన ఆ పిల్లకు తెలుసు.

"నానీ, ఏ పిలుపు తెచ్చినవ్?" అని అడిగింది. "పొయ్యి ఆర్పుడేనా?"

"ఏయ్, నోర్మూయ్" అంది మున్నీబీ. "పెద్దోళ్ళను గట్ల అడుగుతరా? ఏదొస్తే గదే."

మౌలాబీ యాలక్కాయ తీసి బిడ్డ చేతిలో పెట్టింది. ఒక్కరే అయితే మున్నీబీ పోదు, హైదర్‌ను పంపుతుంది. అతను తినకుండా తువ్వాలలో కట్టుకు రావడానికి అది గింజల మూట కాదు, వరసలో కూచుని తినే అన్నం. రెండు వందల మంది తినే చోట నలుగురు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? వాకిట్లో కూచునేది తనే కదా, చెప్పేది తనే కదా.

"పొయ్యి ఆర్పుకో బిడ్డా" అంది. "సేట్ ఇంట్ల చెప్పిన మాటనే."

మున్నీబీ ఆమె వైపు చూసింది. "నిజమేనా అమ్మా? మా అసుంటోళ్ళకా?"

"నా నోటితోని నేను చెప్తున్న గదా."

హుస్సేనమ్మ గబగబా అక్కల దగ్గరికి ఉరికింది.

విందు నాటి పొద్దున మున్నీబీ పొయ్యి ముట్టించలేదు. పిలుపు మర్యాద అది. ఇంట్లో సోలెడు జొన్నలున్నాయి. పక్కింటి జోగులమ్మ దగ్గర నెల కింద బదులు తెచ్చుకున్నవి ఇంకా ఇవ్వలేదు. జోగులమ్మది కాపు ఇల్లే అయినా, లెవీకి పోయాక ఆమె గాదె కూడా ఖాళీయే.

"తీస్కో జోగులక్కా" అని మున్నీబీ ఆ సోలెడూ కొలిచి ఇచ్చింది. "ఇయ్యాల మా ఇంట్ల పొయ్యి లేదు, సేట్ ఇంట్ల పిలుపు."

"ఇంటిల్లిపాదికా? మీ అమ్మ పని చేసింది గదనే" అంది జోగులమ్మ నవ్వుతూ.

పిల్లల తలలు దువ్వి, ఉన్నంతలో మంచి పావడాలు కట్టి, మున్నీబీ ఎండ నడినెత్తికి రాకముందే బయలుదేరింది. పొయ్యి ఆర్పినవాళ్ళు మొదటి వరసలో కూచోవాలి. హైదర్ మగవాళ్ళ వైపు పోయాడు.

ఆడవాళ్ళ వాకిలి దగ్గర మౌలాబీ పీట మీద కూచుని ఉంది. ఇళ్ళ పేర్లు చెబుతోంది, వాళ్ళు లోపలికి పోతున్నారు. ఆమె లెక్క ప్రకారం గౌసియాబీ వంటల దగ్గర ఉండాలి. కానీ కొత్త కోడలిని చూపించడానికి ఆమె వాకిట్లోకే వచ్చి నిలబడింది. అదే సమయానికి మున్నీబీ ముగ్గురు పిల్లలతో వచ్చింది. వెనక దూదేకుల వాడ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, పిల్లలను ఇళ్ళ దగ్గర వదిలి.

గౌసియాబీ పిల్లలను చూసింది. "ఇది హైదర్ ఇల్లు గదా? నేనేం పిలుపు ఇచ్చిన ఈ ఇంటికి?"

మౌలాబీ నోరు తెరిచింది.

వెనక నుంచి పీరమ్మ గొంతు లేచింది. ఆమె ఇల్లు మున్నీబీ ఇంటికి మూడిళ్ళ అవతల. "మాకందరికీ ఇంటికొకరనే చెప్పింది బీబీ. మా పిల్లలు ఏడుస్తుంటే ఇడ్సి వచ్చినం. వీండ్లు మాత్రం జాతరకొచ్చినట్ల వచ్చిన్రు. మా పిల్లలు మనుషులు గారా?"

"నువ్వాగు" అంది గౌసియాబీ. "మౌలాబీ, నేను నిన్ను అడుగుతున్న. ఏం చెప్పినవ్ నువ్వు?"

నిజం చెబితే, బిడ్డ కోసం మాట మార్చిందని ఈ క్షణంలో ఊరంతా తెలిసిపోతుంది. రేపటి నుంచి ఏ ఇల్లూ ఆమెను పిలుపుకు పంపదు. చాటెడు గింజలు పోతే తనకేం, ఎట్లాగో బతుకుతుంది. కానీ ఆ గింజలే కదా ఆ ముగ్గురు పిల్లల కడుపుకు పోతున్నవి. అట్లా అని ఆమె అప్పుడు అనుకుందో, ఇరవై ఏళ్ళ పేరు పోతుందనే భయపడిందో, తర్వాత ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆమెకే తేలలేదు.

"ఇంటికొకరనే చెప్పిన బీబీ" అంది.

మున్నీబీ తల్లిని చూసింది. ఎంతసేపో కాదు, పిల్ల చెయ్యి పట్టుకునేంతసేపు.

"మా అమ్మ మాట ఎన్నడు తప్పదు బీబీ" అంది. "నాదే తప్పు."

గౌసియాబీ కాస్త మెత్తబడింది. "సరే, వచ్చిన్రు. ఒక్కరు కూసోండ్రి. పిల్లను కూసోబెట్టు."

"ఒక్కర్ని కూసోబెడితే మిగిలిన ఇద్దర్ని ఏం చెయ్యాలె బీబీ?" అని, ముగ్గురినీ తీసుకుని మున్నీబీ వెనక్కి తిరిగింది. హుస్సేనమ్మ ఏడవలేదు. నడుస్తూ నడుస్తూ వెనక్కి చూసింది అంతే. మగవాళ్ళ వైపు ఎవరో పోయి చెప్పారు. వరసలో కూచున్న హైదర్ కడుక్కున్న చేతులు తుడుచుకోకుండానే లేచి వచ్చేశాడు.

"కక్కుర్తి మొకాలు" అంది పీరమ్మ, అందరికీ వినపడేలా.

ఆ సాయంత్రం మౌలాబీ తన వాటా అన్నం గిన్నెలో పెట్టుకుని బిడ్డ ఇంటికి పోయింది. పొయ్యిలో నిప్పు లేదు. జోగులమ్మకిచ్చిన జొన్నలు మున్నీబీ అడగలేదు, అడగదు కూడా. ఆమె గడపకు అడ్డంగా కూచుని ఉంది.

"బిడ్డా, పిల్లలకు..."

"మా ఇంటికి ఒక్కరికే పిలుపు అమ్మా. అది అయిపోయింది. తీస్కపో."

"నా మీద కోపమైతే నన్ను తిట్టు. పిల్లలేం చేసిన్రే?"

"నిన్నేం తిడ్త? నువ్వు తప్పు చెప్పినవా, నేనే కక్కుర్తిపడి వచ్చిన. ఊరందరికి నువ్వే చెప్పినవ్ గదా. కక్కుర్తిదాని ఇంటికి నీ గింజలు కూడ తేకు. మళ్ళ ఎవరన్న చూస్తే నీ పేరు పోతది."

మౌలాబీ మరునాడు పోయింది. వారానికి పోయింది. జొన్నల మూట గడప లోపల పెట్టి వస్తే, పొద్దు గూకేలోగా అది ఆమె ఇంటి ముందుకు వచ్చి ఉండేది. పెద్ద పిల్ల తెచ్చి పెట్టి, మాట్లాడకుండా పోయేది. వాడలో పిల్లలు ఆ ముగ్గురినీ "పొయ్యి ఆర్పినోళ్ళు" అని పిలవడం మొదలుపెట్టారు. హైదర్ పని అడగడానికి పోతే, "మీ ఇంట్ల అందరొస్తరా, నువ్వొక్కనివేనా?" అని నవ్వేవాళ్ళు. చివరికి అతను బిజినేపల్లి వైపు రోడ్డు మీద రాళ్ళు కొట్టే పనికి పోయాడు. వారానికొకసారి వచ్చేవాడు.

ఇక్కడ మౌలాబీ పిలుపులు తిప్పుతూనే ఉంది. ఆమె మాట మీద జనానికి నమ్మకం ఇంకా పెరిగింది. కన్నబిడ్డనైనా ఉపేక్షించలేదు, చూడు అన్నారు. ఒకామె ఎదురుగానే ఆ మాట అంది. మౌలాబీ యాలక్కాయ ఆమె చేతిలో పెట్టి, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, తరవాతి గడపకు పోయింది.

తొలకరి వానలు పడ్డాయి. కొత్త నీళ్ళు, కొత్త ఆకులు. ఆకలి మీదున్న పిల్లలు ఏది దొరికితే అది ఏరుకుని తిన్నారు. మూడోనాడు హుస్సేనమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. జోగులమ్మ గంజి తెచ్చి పోసింది. "మీ అమ్మకు చెప్పనా?" అని అడిగితే మున్నీబీ వద్దని తల తిప్పింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే హైదర్ వచ్చి మౌలాబీ వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"రా హైదరూ, గడపల నిలవడ్డవేంది?" అని ఆమె లేచింది.

"ఇండ్లకు చెప్పి రావాలె అత్తా" అన్నాడు అతను నేల చూస్తూ. "చిన్నది పోయింది. పెద్దలు నిన్ను పంపుమన్నరు. మద్దినం జోహర్ నమాజు కాడ మట్టి ఇస్తరు."

మౌలాబీ గోడ పట్టుకుంది. హైదర్ ఇంకా అక్కడే ఉన్నాడు, జవాబు తీసుకుపోవాలి కనుక.

"మున్నీ అన్నదా నన్ను పంపుమని?"

"మున్నీ ఏం అంటలేదు."

చావు చెప్పడానికి యాలకులుండవు. గడప ఎక్కకూడదు, మంచినీళ్ళు ఇచ్చినా తాగకూడదు. బయటే నిలబడి చెప్పి ముందుకు పోవాలి. మౌలాబీ మొదట పీరమ్మ ఇంటికి పోయింది.

"హైదర్ బిడ్డ హుస్సేనమ్మ అల్లాకు ప్యారీ అయింది. జోహర్ కాడ మట్టి. మగోళ్ళను రమ్మను."

పీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మౌలాబీ అక్కడి నుంచి కదలలేదు.

"ఇంకొక మాటుంది. ఇది ఎవరూ పంపింది గాదు, నాదే. సేట్ ఇంటి వలీమాకు నా బిడ్డ కక్కుర్తిపడి రాలే. పొయ్యి ఆర్పుకొమ్మని నేనే చెప్పిన. అడిగినప్పుడు అబద్ధమాడిన."

"ఇప్పుడెందుకు అక్కా అవన్నీ..." అంది పీరమ్మ. ఆమె కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"ఇప్పుడన్న ఇన్నవ్ గదా. చాలు."

ప్రతి గడపకూ అట్లాగే చెప్పింది. చావు వార్త, దాని వెనక ఆ మాట. కొందరు విని తల దించుకున్నారు. కొందరు చావు మాట వినగానే లోపలికి పోబోతే, "ఆగు, ఇంకున్నది" అని ఆపి మరీ చెప్పింది. నలభై ఇళ్ళు తిరిగేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆఖరున మజీద్ సేట్ ఇంటి ముందు నిలబడింది. గౌసియాబీ అంతా వింది.

"ఆ పొద్దే చెప్తే నలుగురికి పెట్టకపోతుంటినా?" అంది.

"పెడ్తుంటివేమో బీబీ. నాకు తెల్వకపాయె."

"మగోళ్ళను పంపుత పో." గౌసియాబీ తలుపు మీద చెయ్యి వేసింది. "ఈ ఊళ్ళె ఇగ నీ నోటి పిలుపు ఎవరింటరు మౌలాబీ? వేరేటోళ్ళను చూసుకుంటం."

మౌలాబీ తల ఊపి తిరిగి నడిచింది.

ఆమె దూదేకుల వాడకు చేరేసరికి జోహర్ దాటింది. పిల్లను తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ళు నలుగురైదుగురు గోడలకు ఆనుకుని కూచుని ఉన్నారు. ఊరంతా తిరిగిన మాట ఆమెకంటే ముందే ఇక్కడికి చేరింది. ఆమెను చూసి ఒక్కొక్కరే లేచి బయటికి పోయారు. జోగులమ్మ కూడా పిల్లలిద్దరినీ తీసుకుని పోయింది. మున్నీబీ పిల్లకు నీళ్ళు పోసిన చోట, తడి నేల పక్కనే కూచుని ఉంది.

"ఇండ్లన్నీ తిరిగొచ్చినవా?" అంది తల ఎత్తకుండా.

"తిరిగొచ్చిన."

"అందరికి చెప్పినవంట."

"చెప్పిన బిడ్డా. ఒక్క గడప ఇడువలే."

"నాకు చెప్పలే."

మౌలాబీ తడి నేల మీదే కూలబడింది. "నీకు అబద్ధం చెప్పిన" అంది. "వాండ్లు అడిగితే వాండ్లకూ అబద్ధమే చెప్పిన. నిన్ను నలుగుర్ల నిలబెట్టి నేను తప్పించుకున్న."

"ఎందుకు చెప్పినవ్ ఆ పొద్దు, పొయ్యి ఆర్పుకొమ్మని?"

"పిల్ల అడిగింది. కాదని ఎట్ల చెప్త?"

మున్నీబీ ముఖం అప్పుడు చెదిరింది. పొద్దుటి నుంచి ఏడవని మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయింది. మౌలాబీ చెయ్యి చాచబోయి, చాచడానికి ధైర్యం చాలక ఆగిపోయింది.

కొంతసేపటికి మున్నీబీ ముఖం తుడుచుకుంది. "నిన్న గూడ అడిగింది. నానీ జొన్నలు తెస్తలేదేందని. నువ్వు తెస్తనే ఉన్నవ్, నేనే తిప్పి పంపుతున్న అని దానికెట్ల చెప్పాలె?" ఆమె గొంతు మెల్లగా ఉంది, ఎవరితోనో పొలం సంగతి మాట్లాడుతున్నట్టు. "ఆ గింజలు తీస్కుంటే బతుకుతుండెనేమో అమ్మా. నీ మీది కోపం దానికి తినవెట్టిన నేను."

గోరీల దగ్గరి నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు బయట కాళ్ళు కడుక్కుంటున్నారు. కడవలో నీళ్ళు అడుగంటినట్టున్నాయి, హైదర్ ఎవరినో నీళ్ళు అడుగుతున్నాడు. తల్లీబిడ్డలిద్దరిలో ఎవరూ లేవలేదు.